తుంటిని ఎటునుంచి తెరిచారో రాసివ్వండి

సంపాదకులకు,

నేను ఫిజియోథెరపిస్టును. తుంటి కీలు మార్పిడి చేయించుకున్నవారి ఇళ్లకు వెళ్లి వ్యాయామాలు చేయిస్తాను. వాళ్లు చూపించే డిశ్చార్జి కాగితంలో కీలు కంపెనీ పేరు, సైజు, మందులు అన్నీ ఉంటాయి. తుంటిని వెనకనుంచి తెరిచారా, పక్కనుంచా, ముందునుంచా అన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. నాకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

వెనకనుంచి చేస్తే తొడను బయటికి తిప్పే చిన్న కండరాలను కోసి మళ్లీ కుడతారు. అవి మానేలోపు బాగా వంగినా, కాలు మీద కాలు వేసినా, మోకాలు లోపలికి తిరిగినా కొత్త కీలులోని బంతి, అది కూర్చునే గిన్నెలోంచి వెనక్కి జారవచ్చు. అందుకే పీట మీద కూర్చోవద్దని, నేల మరుగుదొడ్డికి వెళ్లవద్దని చెబుతాం. ముందునుంచి చేసినవారికి భయం వేరు: కాలు వెనక్కి చాపి బయటికి తిప్పకూడదు. ఇక పక్కనుంచి చేసినప్పుడు, నడిచేటప్పుడు నడుము ఒరగకుండా పట్టి ఉంచే పిరుదు కండరాన్ని కొంత విడదీసి కుడతారు. ఆ కుట్టు మానకముందే పక్కకు పడుకోబెట్టి కాలు పైకెత్తిస్తే అది తెగవచ్చు. తెగితే కుంటు మిగిలిపోతుంది. వెనక, పక్క పద్ధతుల్లో మచ్చ ఇంచుమించు ఒకేచోట పడుతుంది కాబట్టి, చూసి చెప్పడం కష్టం.

ఆ మధ్య ధవళేశ్వరంలో ఒక రిటైర్డ్ టీచరుగారి కాగితంలోనూ ఎటునుంచి తెరిచారో లేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే, ఆపరేషన్ చేసిన డాక్టరుగారు వేరే ఊరినుంచి వచ్చి వెళ్తారని, ఫైలు వెతకాలని అన్నారు. జవాబు వచ్చేవరకు ఆవిడ చేత పాదాలు ఆడించడం, వాకర్‌తో నాలుగడుగులు వేయించడం తప్ప ఇంకేమీ చేయించలేదు.

కండరం కోయకుండా ముందునుంచి చేస్తామన్న ప్రకటనలు చూసి చాలామంది నన్ను అడుగుతున్నారు. మొదటి కొన్ని వారాలు కోలుకోవడం త్వరగా ఉంటుంది, నిజమే. ఏడాది తిరిగేసరికి నడకలో తేడా పెద్దగా కనిపించదు. తొడ ముందు తిమ్మిరి రావచ్చు. ఆ పద్ధతిలో చేయి తిరగని డాక్టరైతే తొడ ఎముక విరిగే అవకాశమూ ఎక్కువ. అందుకే ఏ పద్ధతి మంచిదని కాకుండా, మీకు బాగా అలవాటైన పద్ధతి ఏదని డాక్టరునే అడగమంటాను.

ఎటునుంచి తెరిచారో ఆపరేషన్ నోట్సులో ఎలాగూ రాసుకుంటారు. ఆ ఒక్క వాక్యాన్ని, ఏ కదలికలు ఎన్ని వారాలు వద్దో, కాలి మీద ఎంత బరువు మోపవచ్చో తెలుగులో డిశ్చార్జి కాగితంపై రాసివ్వాలని వైద్య ఆరోగ్య శాఖ అన్ని ఆసుపత్రులను ఆదేశించాలి. అప్పటిదాకా, రోగిని ఇంటికి తీసుకెళ్లేవారు ఆ వివరం రాయించుకున్నాకే బయల్దేరండి.

- ఒక ఫిజియోథెరపిస్టు, రాజమహేంద్రవరం