నీకు నేర్పడం మరిచిపోయింది

అమ్మలూ,

ఆదివారం రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను వదలడం లేదు. "చిన్నప్పుడు నాకు తప్పు నేర్పావు నాన్నా. దేవుణ్ణి చేత్తో పట్టుకోవడం నేర్పావు" అన్నావు. నీ గొంతులో కోపం లేదు, బాధ ఉంది. అందుకే అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఏదో ఒకటి అనేసి దాటేసే సంగతి కాదిది. నాలుగు రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఇది చెప్పనీ. నువ్వు మోకరించి సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరంగా మనం అందుకునే అప్పం, చేతిలో కాకుండా నాలుక మీద తీసుకుంటున్నావని విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. నీ వయసులో నేను వరుసలో నిలబడి, ముందున్నవాళ్ళ వీపులు చూస్తూ నడిచేవాణ్ణి. నా ఎదుటికి వస్తున్నది ఎవరో ఆలోచించేవాణ్ణి కాదు. నువ్వు ఆలోచిస్తున్నావు. ఆ పద్ధతి మానుకోమని నేనెప్పుడూ అనను.

చేతిలో తీసుకోవడం తప్పని చెప్పే ఆ వీడియోల్లో నువ్వు విన్నవాటిలో చాలా భాగం నిజం కూడా. ఇప్పటికీ మన లాటిన్ రీతిలో, అంటే రోమన్ కతోలిక పూజా సంప్రదాయంలో, మూల పద్ధతి నాలుక మీద తీసుకోవడమే. చేతిలో తీసుకోవడం అనుమతి మీద నడుస్తోంది. ఆ అనుమతి వచ్చిన తీరు కూడా అంత సాఫీగా లేదు. 1960లలో నెదర్లాండ్స్, బెల్జియం లాంటి దేశాల్లో కొన్నిచోట్ల ఎవరినీ అడక్కుండానే చేతిలో ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు ఆరవ పౌలు పోపు గారు బిషప్పులందరి అభిప్రాయం అడిగించారు. చేతిలో ఇవ్వడానికి సరే అన్నవాళ్ళు 567 మంది. వద్దన్నవాళ్ళు 1,233 మంది. ఇంకో 315 మంది షరతులు పెట్టి సరే అన్నారు. అందుకే 1969 మే 29న రోము నుంచి వచ్చిన పత్రం పాత పద్ధతినే ఉంచింది. చేతిలో ఇవ్వడం అప్పటికే పాతుకుపోయిన చోట్ల మాత్రం, అక్కడి బిషప్పులు రహస్య ఓటింగులో మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానించి అడగవచ్చంది. తర్వాత ఒక్కో దేశమూ అడుగుతూ వచ్చింది. అమెరికాకు 1977లో అనుమతి వచ్చింది, పోలండ్ 2005 దాకా ఆగింది.

1,233 అన్న అంకె చదివినప్పుడు నాకూ గుచ్చుకుంది. గౌరవం తగ్గిపోతుందని, అపచారం జరగొచ్చని, అప్పంలో క్రీస్తు ఉన్నాడన్న విశ్వాసమే సడలుతుందని వాళ్ళు భయపడ్డారు. ఆ భయం ఉత్తదని నేను అనలేను. ఒక చేత్తో అప్పం అందుకుని, నోట్లో వేసుకుంటూనే వెనక్కి తిరిగి నడిచేవాళ్ళని నువ్వూ నేనూ చూస్తూనే ఉన్నాం.

కానీ "తప్పు" అన్న మాట దగ్గర కాస్త ఆగమ్మా. మొదటి శతాబ్దాల క్రైస్తవులు చేతిలోనే తీసుకునేవాళ్ళు. యెరూషలేము బిషప్పు పునీత సిరిల్ పేరున, 4వ శతాబ్దంలో కొత్తగా జ్ఞానస్నానం పొందినవాళ్ళకు చేసిన ఉపదేశాలు ఉన్నాయి. రాజును అందుకోబోతున్న కుడిచేతికి ఎడమచేతిని సింహాసనం చెయ్యమంటారు అందులో. అరచేతిని గుంటలా చేసి, క్రీస్తు శరీరాన్ని అందుకుని, ఆమెన్ అనమంటారు. ఆ తర్వాతి మాట నాకు ఇంకా ఇష్టం: ఎవరైనా నీకు బంగారు రజను ఇస్తే ఒక్క రవ్వ కూడా పోకుండా ఎంత జాగ్రత్తగా పట్టుకుంటావు, మరి బంగారం కన్నా విలువైన దాని రవ్వ రాలకుండా ఇంకెంత జాగ్రత్త పడాలి అంటారు. 6వ శతాబ్దంలో గాల్ దేశంలో (ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతం) స్త్రీలు చేతి మీద శుభ్రమైన నారబట్ట పరుచుకుని అందుకునేవాళ్ళు. అంత భక్తి ఉండేది.

పశ్చిమాన 9వ శతాబ్దం వచ్చేసరికి నాలుక మీద ఇవ్వడం స్థిరపడుతూ వచ్చింది. కణాలు రాలకూడదన్న పట్టింపు, అభిషేకం పొందిన గురువుల (ఫాదర్ల) చేతుల పట్ల గౌరవం అందుకు తోడయ్యాయి. 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వినాసు, పవిత్రపరచబడని ఏదీ సత్ప్రసాదాన్ని తాకకూడదని రాశారు. నువ్వు నాకు పంపిన మాట అదే. అది గొప్ప మాట. అయినా శ్రీసభ (మన కతోలిక సంఘం) ముందు ఒకలా, తర్వాత ఒకలా చేసి, ఇప్పుడు రెండిటికీ చోటిచ్చింది. వీటిలో ఒకటి పాపమైతే ఇలా చేసేది కాదు.

బెనెడిక్టు పోపు గారి వీడియో కూడా పంపావు. నిజమే, 2008 నుంచి ఆయన తన పూజల్లో మోకరించినవాళ్ళకి నాలుక మీదే ఇచ్చారు. కానీ 2010లో ఒక జర్నలిస్టుతో మాట్లాడుతూ, చేతిలో తీసుకోవడానికి తాను సూత్రరీత్యా వ్యతిరేకం కాదని, తానే అలా ఇచ్చానని, అలా తీసుకున్నానని కూడా చెప్పారు. క్రీస్తు నిజంగా ఇక్కడ ఉన్నాడని జనానికి గట్టిగా గుర్తుచెయ్యడానికే ఆ పద్ధతి పెట్టుకున్నారట. నీ వీడియోల్లో ఆ సగం లేదు.

ఇప్పుడు నేను నీకు నేర్పిన రోజు సంగతి. నీ మొదటి సత్ప్రసాదానికి ముందు రోజు రాత్రి. సత్యోపదేశం క్లాసులో అభ్యాసం కోసమని మామూలు అప్పాలు నాలుగు ఇచ్చారు. మంచం అంచున కూర్చుని, నీ కుడిచేతి మీద ఎడమచేతిని పెట్టి చూపించాను. నీ అరచెయ్యి ఎంత చిన్నదంటే అప్పం దాదాపు దాన్ని నింపేసింది. "కింద పడితే?" అని అడిగావు. "పడదు, నువ్వు గట్టిగా ఉండు" అన్నాను. ఎడమచేతిలో అందుకోవడం, ఆమెన్ అనడం, కుడిచేత్తో తీసుకుని అక్కడే నోట్లో వేసుకోవడం, అన్నీ నేర్పాను. నాలుగు సార్లు చేసి, నాలుగు అప్పాలూ తినేశావు. ఒకటి మాత్రం నేర్పలేదు. తిన్నాక నీ అరచెయ్యి చూసుకోమని చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తెలుసా? నేనే ఎప్పుడూ చూసుకోలేదు కాబట్టి.

అది నాకు నాయనమ్మ దగ్గర తెలిసింది. చివరి నెలల్లో తనకి మింగుడు పడేది కాదు, నీకు గుర్తుండే ఉంటుంది. ఫాదర్ గారు ఇంటికి వచ్చినప్పుడు అప్పంలోంచి గోరంత ముక్క విరిచి నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్ళు పోశారు. ఆ కొంచెమే ఇచ్చారేంటని నేను మనసులో అనుకున్నానేమో, ఆయన నా మొహం చూసి, "ఇందులోనూ ఆయన పూర్తిగా ఉన్నాడు" అన్నారు. ప్రతి భాగంలోనూ క్రీస్తు సంపూర్ణంగా ఉన్నాడని కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1551లో చెప్పింది. అది పుస్తకంలో చదివిందే. కానీ ఫాదర్ గారు అప్పం తెచ్చిన ఆ చిన్న డబ్బీని కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. అడుగున తెల్లగా, సూది మొనంత ఏదో ఉంది. చుక్క నీళ్ళు పోసి, మెల్లగా తిప్పి, తానే తాగేశారు. గుండ్రంగా నీళ్ళు తిరుగుతున్న ఆ డబ్బీ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అన్నేళ్ళుగా చేతిలో తీసుకుని, ఆ చేతులు దులుపుకుని సీటుకి వెళ్ళినవాణ్ణి నేను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తప్పు నేర్పావన్నావు కదా. చెయ్యి చాపడం నేర్పడం తప్పు కాదమ్మా. చూసుకోవడం నేర్పకపోవడం తప్పు. అది నాదే. దానికి నన్ను క్షమించమని నిన్ను అడుగుతున్నాను.

అమ్మ సంగతి ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ మొదటి నుంచీ నాలుక మీదే తీసుకుంటుంది, నీకు తెలుసు. ఒకసారి ఊరికాని ఊరిలో, ఒక గుడిలో పూజకి వెళ్ళాం. ఇచ్చేవారు అమ్మని ఆపి "చేతిలో తీసుకోండి" అన్నారు. అమ్మ కదల్లేదు. "చేతిలోనే" అని మళ్ళీ, ఈసారి అందరికీ వినబడేలా అన్నారు. అమ్మ చేతులు చాపింది. వణుకుతున్నాయి. తిరిగొచ్చి నా పక్కన మోకరించి, పూజ అయ్యేదాకా తల ఎత్తలేదు. అలా చెయ్యడం అన్యాయం. నాలుక మీద తీసుకునే హక్కు విశ్వాసులకి ఎప్పుడూ ఉంటుందని, మోకరించారనో నిలబడ్డారనో సత్ప్రసాదం నిరాకరించకూడదని 2004లో రోము స్పష్టంగా రాసింది. నీకు ఎవరైనా అడ్డు చెబితే ఈ మాట గుర్తుపెట్టుకుని, మర్యాదగా చెప్పు.

రెండవ జాన్ పాల్ పోపు గారు 1980లో బిషప్పులకి రాసిన లేఖలో ఈ రెండు బాధలూ ఉన్నాయి. చేతిలో తీసుకునేచోట కొందరు అగౌరవంగా ఉంటున్నారని బాధపడ్డారు. నాలుక మీద కావాలనేవాళ్ళ ఇష్టాన్ని కొన్నిచోట్ల పట్టించుకోవడం లేదని కూడా బాధపడ్డారు. లోతైన భక్తితో చేతిలో తీసుకునేవాళ్ళని తాను అనడం లేదని విడిగా చెప్పారు. ఆ ఒక్క పేరాలో మీ అమ్మా ఉంది, నేనూ ఉన్నాను.

నీకు ఒక్క విన్నపం. నువ్వు మోకరించి ఉన్నప్పుడు పక్కన చేతులు చాపినవాళ్ళ వైపు చూడకు. పోయిన ఆదివారం ఎవరెవరు ఎలా తీసుకున్నారో ఫోన్‌లో నాకు వరసపెట్టి చెప్పావు. ముగ్గురి సంగతి చెప్పావు. ఆ సమయంలో అన్నీ గమనించావంటే, నీ కళ్ళు ఎక్కడున్నాయి తల్లీ? నన్ను బాధపెట్టింది అదే, నువ్వు పద్ధతి మార్చుకోవడం కాదు.

మీ గుడిలో గడ్డం కింద పళ్ళెం పట్టుకుంటున్నారా? ఆ 2004 పత్రమే పళ్ళెం వాడుక ఉండాలంది. లేకపోతే ఫాదర్ గారిని అడిగి చూడు. నాలుక మీద ఇచ్చినా కణాలు రాలతాయి.

నువ్వు అడిగిన చివరి ప్రశ్న, నేను మారతానా అని. ఇప్పటికైతే చేతులు చాపుతూనే ఉన్నాను. ఖాళీ చేతులతో అడుక్కునేవాడిలా నిలబడటం నాకు ప్రార్థనలాగే ఉంటుంది. అయితే ఈమధ్య దగ్గరి చూపు సరిగా ఆనడం లేదు. కళ్ళజోడు పెట్టుకుని వరుసలోకి వెళ్తున్నాను. అయినా కణం ఉందో లేదో ఒక్కోసారి నమ్మకంగా చెప్పలేకపోతున్నాను. సెలవులకి వచ్చినప్పుడు నువ్వూ అమ్మా ముందు తీసుకోండి. తర్వాత కాస్త పక్కన ఆగు. నేను తీసుకున్నాక నా అరచెయ్యి నీకు చూపిస్తాను. ఏమైనా మిగిలి ఉంటే చెప్పు.

నాన్న