పైథాన్ 2 వదిలే ముందు

సంపాదకులకు,

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పాత రూపమైన పైథాన్ 2కు అధికారిక మద్దతు 2020 జనవరి 1తోనే ఆగిపోయింది. అయినా దాని మీద నడిచే ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి. వాటిని పైథాన్ 3కు మార్చేవాళ్లు నేరుగా కోడ్ మీద చెయ్యి వేయకూడదు. ముందు పాతదాంట్లో చివరి వెర్షనైన 2.7కు తెచ్చి, అసలు డేటాతో నడిపి, వచ్చిన ఫలితాలను దాచిపెట్టుకోవాలి. రేపు సరిపోల్చడానికి అవే ఆధారం. వాడుతున్న లైబ్రరీలు (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) కొత్తదాంట్లో దొరుకుతాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

పాత కోడ్‌ను కొత్తదానికి మార్చే ‘టూ టు త్రీ’ (2to3) పరికరం పైథాన్ 3.12 వరకు దాంతోపాటే వచ్చేది. అది ప్రింట్ వాక్యాలను సరిచేస్తుంది, భాగహారాన్ని మాత్రం ముట్టుకోదు. పాతదాంట్లో 5/2 అంటే 2, కొత్తదాంట్లో 2.5. ఎర్రర్ ఏమీ రాదు, లెక్క మారిపోతుంది. జీతాలు, వాయిదాలు లెక్కకట్టేచోట ఇది జనం డబ్బుతో చెలగాటమే. పూర్ణాంకం కావాల్సినచోట రెండు స్లాష్‌లు (//) పెట్టాలి.

తెలుగు డేటా ఉంటే మరీ జాగ్రత్త. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. అందులో ఒకటైన యూటీఎఫ్-8లో ‘తెలుగు’ అనే మాట 18 బైట్లు. పాత పైథాన్‌లో మామూలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) పొడవు బైట్ల లెక్కన 18 అని వస్తే, కొత్తదాంట్లో అక్షరాలనూ గుణింతపు గుర్తులనూ విడివిడిగా లెక్కించి 6 అని వస్తుంది. పేరును 20 దగ్గర కత్తిరించే కోడ్‌లో ఇప్పుడు 60 బైట్లు రావచ్చు. ఒక్కో గడికి ఇన్ని బైట్లేనని బిగించిన ఫైళ్లలో పక్క గడి చెడిపోతుంది. టెక్స్ట్ ఫైలు తెరిచే ప్రతిచోటా ఎన్‌కోడింగ్ పేరు రాసి తీరాలి, విండోస్ మీదైతే మరీనూ.

- ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, హైదరాబాద్