మన మహారాజు లండన్‌కు ఇచ్చిన నీళ్లు

లండన్,
శుక్రవారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. మీరు, అమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మోకాలి నొప్పికి డాక్టరు చెప్పిన వ్యాయామాలు అమ్మ చేస్తోందో లేదో మీరే చూసి రాయండి. తనని అడిగితే చేస్తున్నాననే అంటుంది.

మొన్న ఫోనులో మీరు అడిగారు కదా, "రాజుగారి ఇల్లు చూశావా, లోపలికి రానిస్తారా?" అని. మా ఆసుపత్రి వార్డులో వాళ్లంతా కలిసి నా పుట్టినరోజుకు ఒక టికెట్ కొనిచ్చారు. పొద్దున గైడు వెంట నడుస్తూ రాజభవనాలు చూడటం, మధ్యాహ్నం ఒక హోటల్లో అందరితో కలిసి టీ. ఈ రోజు వెళ్లివచ్చాను. పడుకుంటే విన్నవాటిలో సగం చెదిరిపోతాయి, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మన విజయనగరం మహారాజు ఇచ్చిన నీళ్ల సంగతీ చివర్లో ఉంది.

మా గైడు అరవై దాటిన ఆవిడ. కోటుకు నీలం బ్యాడ్జి ఉంది. అది రావాలంటే దాదాపు రెండేళ్లు చదివి పరీక్షలు గట్టెక్కాలట. గ్రీన్ పార్కు స్టేషన్ దగ్గర మమ్మల్ని పోగుచేసి, చెట్ల మధ్య నుంచి నేరుగా బకింగ్‌హాం ప్యాలెస్ ముందుకు తీసుకెళ్లారు.

మీ ప్రశ్నకు జవాబు: రానిస్తారు, కానీ ముఖ్యంగా వేసవిలో కొన్ని వారాలు, అదీ టికెట్ కొనుక్కుంటే. 1992లో విండ్సర్ కోట తగలబడింది. దాన్ని బాగుచేయడానికి డబ్బు కావాల్సి వచ్చి, మరుసటి ఏడాది నుంచి ఈ భవనం తలుపులు జనానికి తెరిచారు. మొత్తం 775 గదులు. మొదట ఇది రాజుల ఇల్లు కాదు. బకింగ్‌హాం డ్యూక్ కట్టించుకున్న భవంతిని 1761లో మూడో జార్జి తన రాణి కోసం కొన్నాడు. ఇక్కడ కాపురం పెట్టి పాలించిన మొదటి వ్యక్తి విక్టోరియా, 1837లో. ఇప్పటి చార్లెస్ రాజు మాత్రం పక్కనే ఉన్న క్లారెన్స్ హౌస్‌లో ఉంటున్నారు, ఇక్కడ పెద్ద ఎత్తున మరమ్మతులు జరుగుతున్నాయి. రాజు లోపల ఉంటే ఒక జెండా, లేకపోతే మరొకటి ఎగరేస్తారు. ఈ రోజు పైన ఉన్నది యూనియన్ జాక్, అంటే ఆయన లేరన్నమాట.

ముఖద్వారం పైన ఉన్న బాల్కనీ మీరు టీవీలో చాలాసార్లు చూసే ఉంటారు. పెళ్లయినా, యుద్ధం ముగిసినా రాజకుటుంబం వచ్చి నిలబడేది అక్కడే. నాకు మాత్రం దాన్ని చూడగానే సిరిమాను ఉత్సవం రోజు విజయనగరంలో మన కోట బురుజు కళ్లముందు మెదిలింది. పైన రాజవంశం వాళ్లు, కింద ఇసుక వేస్తే రాలనంత జనం. అయితే మన దగ్గర జనం చూసేది బురుజును కాదు, పైడితల్లమ్మను. ఆ తేడా నాకు చాలా ఇష్టం. కోట ముందుకు అమ్మవారు వస్తుంటే రాజులు కూడా చూసేవాళ్లలో కలిసిపోతారు.

పదకొండు గంటలకు కాపలా మారే కవాతు. పొడవైన ఎలుగుబంటి టోపీలు, ఎర్ర కోట్లు మీకు తెలిసినవే. నాకు తెలియనిది గైడు చూపించారు. "టోపీలు వదిలేసి గుండీలు చూడండి" అన్నారు. కాపలా పదాతి దళాలు అయిదు. గ్రెనేడియర్ల కోటుకు గుండీలు ఒక్కొక్కటిగా సమదూరంలో ఉంటాయి. కోల్డ్‌స్ట్రీమ్ వాళ్లకు రెండేసి, స్కాట్లండ్ దళానికి మూడేసి, ఐర్లండ్ వాళ్లకు నాలుగేసి, వేల్స్ వాళ్లకు అయిదేసి. కంచె ఊచల మధ్య నుంచి ఒక సైనికుణ్ణి దగ్గరగా చూశాను. ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. గుండీలు రెండేసి, టోపీకి కుడివైపు ఎర్రని కుచ్చు, అంటే కోల్డ్‌స్ట్రీమ్ దళం. గడ్డం కింద ఉండాల్సిన పట్టీ కింది పెదవి కిందే ఆగింది. చెమట చెంప మీద నుంచి దాని మీదికి జారుతున్నా చెయ్యి కదపలేదు. ఎవరో పసిపిల్ల చెయ్యి ఊపితే కళ్లు మాత్రం ఒక్కసారి అటు తిరిగాయి. వాళ్లమ్మ ఎలా ఉందో అనుకున్నాను.

అక్కడి నుంచి సెయింట్ జేమ్స్ ప్యాలెస్. ఎర్ర ఇటుకల ద్వారం, దానికి అటూ ఇటూ ఎనిమిది పలకల బురుజులు. బకింగ్‌హాం కన్నా నాకు ఇదే నచ్చింది. 1530లలో ఎనిమిదో హెన్రీ కట్టించాడు. అంతకుముందు ఆ చోట కుష్ఠురోగుల ఆసుపత్రి ఉండేదట. నేను చేసే పని వల్లనేమో, రాజు కోసం కదిలించిన ఆ రోగులు ఎటు పోయారన్న ఆలోచనే చాలాసేపు వదల్లేదు. ఇప్పటికీ విదేశీ రాయబారులను పంపేది ఈ ప్యాలెస్ పేరిటే. 2022 సెప్టెంబరు 10న చార్లెస్‌ను రాజుగా ప్రకటించిందీ ఇక్కడి బాల్కనీ నుంచే.

సెయింట్ జేమ్స్ పార్కులో కాసేపు కూర్చున్నాం. చెరువు గట్టున గూడబాతులు ఉన్నాయి నాన్నగారూ! 1664లో రష్యా రాయబారి కానుకగా తెచ్చినప్పటి నుంచి ఇక్కడ వాటిని పెంచుతున్నారు. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురానికి వచ్చే పక్షుల జాతి వేరు, ఇవి ఇంకా తెల్లగా ఉంటాయి. శ్రీకాకుళం అత్తయ్యకు చెప్పండి, సంతోషిస్తుంది.

పార్కు దాటితే హార్స్ గార్డ్స్ అనే సైనిక భవనం మీది గడియారం. అందులో రెండు అంకె దగ్గర నల్లని మచ్చ కనిపిస్తుంది. రంగు పోయిందేమో అనుకుని వెళ్లిపోయేదాన్ని. ఆ గుర్తు కావాలని పెట్టిందే. ఎదురుగా ఉన్న బ్యాంక్వెటింగ్ హౌస్ ముందు 1649 జనవరి 30న మొదటి చార్లెస్ రాజు తల నరికారు, సుమారు ఆ వేళకే. పార్లమెంటుతో యుద్ధం చేసి ఓడిపోయాడు. విచారించి, దేశద్రోహి అని తీర్పు చెప్పారు. ఆ రోజు చలి గడ్డకట్టించేలా ఉంది. వణికితే భయమనుకుంటారని రెండు చొక్కాలు వేసుకుని వచ్చాడు. తన తండ్రి వైభవాన్ని పొగుడుతూ రూబెన్స్ అనే చిత్రకారుడి చేత తనే వేయించిన చిత్రాలు ఆ భవనం పైకప్పు నిండా ఉన్నాయి. వాటి కిందుగానే నడుచుకుంటూ వచ్చి కిటికీ బయట కట్టిన వధ్యవేదిక ఎక్కాడు. పదకొండేళ్లకు మళ్లీ ఆయన కొడుకునే పిలిచి గద్దెనెక్కించుకున్నారు. అయినా ఆ నల్లమచ్చను ఉంచారు చూడండి. తమ రాజును తాము చంపుకున్న గంటను గడియారంలోనే దాచుకున్న ఈ ఊరి మీద నాకు గౌరవం పెరిగింది.

వెస్ట్‌మినిస్టర్ ఆబే అనే పెద్ద చర్చిలో జనం చాలా ఎక్కువ. 1066 నుంచి పట్టాభిషేకాలు దాదాపు అన్నీ ఇక్కడే. 1300 ప్రాంతంలో మొదటి ఎడ్వర్డు చేయించిన పట్టాభిషేకపు కుర్చీని అద్దాల వెనక ఉంచారు. బంగారు రేకులు మెరుస్తుంటాయనుకుని వెళ్తే, చెక్కంతా గీతలు, పేర్లు! పక్కనున్న బడి పిల్లలు చాకులతో చెక్కినవి. 1800 జులైలో ఒక రాత్రంతా ఆ కుర్చీలోనే నిద్రపోయానని కూడా ఒకడు చెక్కి వెళ్లాడు. మొన్న 2023లో చార్లెస్ కూర్చున్నది ఆ పేర్ల మీదే.

ఇక టీ. తెల్లని దుప్పటి పరిచిన బల్లల దగ్గర మా బృందమంతా కలిసి కూర్చున్నాం. మూడంతస్తుల పళ్లెం తెచ్చి నడుమ పెట్టారు. కింది అంతస్తులో అంచులు కోసేసిన వేలెడు వెడల్పు శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లు అనే వెచ్చని చిన్న గుండ్రని రొట్టెలు, పైన చిన్న చిన్న కేకులు. కింది నుంచి పైకి తింటూ పోవాలి. అమ్మకు చెప్పండి, కీరదోస శాండ్‌విచ్ నిజంగా బాగుంది. పల్చని ముక్కలు, వెన్న, కాస్త ఉప్పు, అంతే. స్కోన్‌ను చేత్తో రెండుగా విరిచి చిక్కని మీగడ, స్ట్రాబెరీ జామ్ రాసుకోవాలి. ముందు మీగడ రాయాలని డెవన్ వాళ్లు, ముందు జామ్ రాయాలని కార్న్‌వాల్ వాళ్లు తరతరాలుగా పట్టుబడుతున్నారట. టీ అస్సాంది తీసుకున్నాను. పాలు విడిగా ఇచ్చారు. మన ఇంటి టీలా పాలలో మరిగించింది కాదు కాబట్టి ఆకు రుచి ముందు తగులుతుంది.

1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నాకు మధ్యాహ్న భోజనానికీ రాత్రి ఎనిమిదింటి విందుకూ నడుమ ఆకలేసి, గదికి టీ, రొట్టె తెప్పించుకోవడంతో ఈ అలవాటు మొదలైందని చెబుతారు. అంతకు దాదాపు నూట ఎనభై ఏళ్ల ముందే ఆస్థానంలో టీ తాగడాన్ని గొప్ప అలవాటుగా చేసింది పోర్చుగల్ నుంచి వచ్చిన రాణి క్యాథరిన్. గూడబాతులు వచ్చిన కాలపు రెండో చార్లెస్ భార్య ఆమె. వరకట్నం కింద బొంబాయిని కూడా ఆయనకు తెచ్చింది. ఆయన 1668లో ఆ ఊరిని ఏడాదికి పది పౌండ్ల చొప్పున ఈస్టిండియా కంపెనీకి అద్దెకిచ్చేశాడు. ఇది వినగానే బల్ల దగ్గర అందరూ నా వైపు చూశారు. అప్పుడొకాయన కోహినూరు సంగతి ఎత్తాడు.

నేను నాకు తెలిసింది చెప్పాను. అది పల్నాడులో కృష్ణ ఒడ్డునున్న కొల్లూరు గనుల్లో దొరికిందని మా వైపు చెబుతారని, ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉందని అన్నాను. 1849లో పంజాబు సిక్కు రాజు, పదేళ్ల దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని తీసుకున్నారని గైడే కలిపారు. 1851లో హైడ్ పార్కులో జరిగిన మహా ప్రదర్శనలో దాన్ని పెడితే మెరవలేదని జనం పెదవి విరిచారట. మరుసటి ఏడాది సానబట్టించి, 186 క్యారెట్ల రాయిని 105కు తెచ్చారు. విక్టోరియా బకింగ్‌హాం బాల్కనీలోకి మొదటిసారి వచ్చి జనానికి కనిపించింది కూడా ఆ ప్రదర్శన సందర్భంలోనే. అలా తీసుకోవడం దోపిడీయే అని నేను నెమ్మదిగానే అయినా స్పష్టంగా అన్నాను. ఎవరూ కాదనలేదు.

కానీ నా మనసులో ఉన్నది ఇంకొకటి. "ఆ పార్కులోనే మా ఊరి రాజు ఇచ్చినది ఒకటి ఉండేది" అని మొదలుపెట్టాను. చిన్నప్పుడు గంటస్తంభం దగ్గర నిలబెట్టి మీరు చెప్పిన సంగతే. 1867లో విజయనగరం మహారాజు ఇచ్చిన డబ్బుతో మార్బుల్ ఆర్చ్ అనే పాలరాతి తోరణం దాపున హైడ్ పార్కులో తాగునీటి ఫౌంటెన్ కట్టారు.

అది ఎంత అవసరమైన కానుకో నర్సునయ్యాకే నాకు తెలిసింది. అప్పట్లో లండన్ నీళ్లు విషం. 1854 కలరాలో సోహో అనే పేటలో ఒక చేతిపంపు చుట్టూ కొన్ని రోజుల్లోనే వందల మంది చనిపోయారు. నీళ్లే కారణమని డాక్టరు జాన్ స్నో ఇంటింటికీ తిరిగి తేల్చాడు. చదువుకునేటప్పుడు ఆయన గీసిన మ్యాపును మాకు పాఠంగా చెప్పారు. పేదవాడికి శుభ్రమైన నీళ్లు ఊరికే దొరకాలని 1859లో ఒక సంఘం పుట్టి, వీధుల్లో ఫౌంటెన్లు కట్టడం మొదలుపెట్టింది. మన మహారాజు డబ్బు చేరింది ఆ పనికే. ఆయన ఒక్కరే కాదు. కాశీ మహారాజు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని స్టోక్ రో అనే పల్లెకు 1864లో బావి తవ్వించి ఇచ్చాడు, 368 అడుగుల లోతు. ఇంట్లో మిగిలిన కాసిని నీళ్లు తాగేశాడని ఒక పిల్లవాణ్ణి కొట్టారన్న కబురు ఒక తెల్లదొర నోట విని చలించిపోయాడట. ఆ బావి ఈనాటికీ ఉంది. మన ఫౌంటెన్‌ను మాత్రం 1964లో తీసేశారు.

ఆ డబ్బు మన రైతుల శిస్తే కదా అని మీరంటారు. ఆ మాట నిజమే, దాన్ని నేను కాదనను. అందుకే ఆ కథ పోకూడదంటాను. విజయనగరం చుట్టుపక్కల పొలాలు దున్నినవాళ్ల కష్టం ముక్కూ ముఖం తెలియని లండన్ కూలీల దాహం తీర్చింది. రాళ్లు తీసుకెళ్లిన సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, నీళ్లు ఇచ్చిన సంగతి ఎవరికీ తెలియదు. ఇన్నేళ్లుగా ఈ దారుల్లో జనాన్ని తిప్పుతున్న మా గైడుకూ తెలియదు. ఆవిడ పుస్తకం తీసి ఊరి పేరు, ఏడాది రాసుకున్నారు. విజయనగరం అని పలకడం రెండుసార్లు నేర్చుకున్నారు. పాత చిత్రం ఏదైనా దొరికితే హైడ్ పార్కు నడకలో ఈ కథ తప్పకుండా చెబుతానన్నారు.

కాబట్టి మీకో పని పెడుతున్నాను. మహారాజా కళాశాల గ్రంథాలయంలోనూ, కోటలోనూ అడిగి చూడండి. ఆ ఫౌంటెన్ బొమ్మ గానీ, దాని గురించి రాసిన పాత కాగితం గానీ ఉంటే ఫోనులో ఫొటో తీసి పంపండి. వెలుతురు బాగా పడేలా, నాలుగు మూలలూ కనిపించేలా తీయమని తమ్ముడికి చెప్పండి. నేను కూడా సెలవు రోజున ఇక్కడి పాత పత్రికలు వెతుకుతాను. వచ్చే నెలాఖరులోగా ఆవిడకు అందజేస్తానని మాటిచ్చాను.

అమ్మకు నమస్కారాలు. తమ్ముడికి, మరదలికి ఆశీస్సులు.

మీ
అమ్మాయి