మన గ్యాలరీ ఈ ఏడాది ఎలా నడిచిందంటే (వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్తే. లెక్కల షీట్ ట్రెజరర్ గారు విడిగా పంపారు, అంకెలు మళ్ళీ ఇక్కడ ఏకరువు పెట్టను, ఆబొరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీల) పెయింటింగులు అమ్మే మన గ్యాలరీలో ఏం జరిగింది, ఎక్కడెక్కడ వాదించుకున్నాం అన్నదే రాస్తున్నా.

ముందు అందరూ అడిగే ప్రశ్న. మెల్‌బోర్న్‌లో ఇంత అద్దె కడుతూ అమ్మిన దాంట్లో 30 శాతమే ఉంచుకుని 70 శాతం ఆ పెయింటింగులు పంపిన ఆర్ట్ సెంటర్‌కి పంపేస్తే మనకి మిగిలేదేంటి, బయట గ్యాలరీలు 40 తీసుకుంటున్నాయి కదా అని. మిగిలేది తక్కువే, కాదనను. కానీ ఆర్ట్ సెంటర్ అంటే దళారీ కాదండీ, మనం తెచ్చుకునే చోట్లన్నీ ఆ ఊరి ఆబొరిజినల్ వాళ్ళే కమిటీలో కూర్చుని నడుపుకునేవి, రంగులూ కాన్వాసూ ఇచ్చేది కూడా అక్కడే. పపున్యా తులా 1972లో ఆర్టిస్టులు పెట్టుకున్న కంపెనీ, ఇప్పటికీ వాళ్ళదే. 2000లో ఆ ఆర్టిస్టులుండే ఎడారి ఊళ్ళు కింటోర్, కివిర్‌కురాల పెద్దవాళ్ళు కలిసి వేసిన పెయింటింగులు సిడ్నీలో వేలం వేస్తే 10 లక్షల డాలర్ల పైనే వచ్చింది, డయాలసిస్ కోసం ఇల్లూ వాకిలీ వదిలి దూరాన ఆలిస్ స్ప్రింగ్స్ పట్నంలో పడి ఉండాల్సిన వాళ్ళకి ఆ డబ్బుతో మొదలైన పని వల్ల 2004లో కింటోర్‌లోనే మెషీన్ పెట్టారు. నేనైతే ఆ 70 శాతాన్ని ఒక్క పైసా కూడా తగ్గించొద్దనే అంటా.

మార్చిలో ఒక సభ్యుడి ద్వారా ఓ ప్రైవేట్ డీలర్ సరుకు వచ్చింది, సగం ధరకే, ప్రూఫ్ ఏదయ్యా అంటే ఆర్టిస్ట్ ఆ పెయింటింగ్ పట్టుకుని నిలబడ్డ ఫొటో. వెనకాల ఏదో మోటల్ గది కర్టెన్లు. ఆవిడకి ఎంత ఇచ్చారు అంటే జవాబు లేదు. గదిలో కూర్చోబెట్టి వేయించుకుని చేతిలో కొంచెం క్యాషో పాత కారో పెట్టి పంపేసే వాళ్ళ గురించి 2007లో ఆస్ట్రేలియా సెనేట్ ఎంక్వైరీలోనే బోలెడంత చర్చ జరిగింది, కాబట్టి తీసుకోలేదు. కొందరికి కోపం వచ్చింది, రానివ్వండి.

ఆర్ట్ సెంటర్ నుంచి వచ్చేవి వేరేగా ఉంటాయి. చుట్టి పంపిన కాన్వాసుని అట్ట గొట్టంలోంచి తీసి బల్ల మీద పరిస్తే వెనక నుంచి ఎర్ర మట్టి రాలుద్ది, ఒకదాని వెనకైతే కుక్క పాదం ముద్ర కూడా ఉంది (కొన్న డాక్టర్ గారు అదే ఎక్కువ మురిసిపోయారు), కేటలాగ్ నెంబరూ, ఆర్టిస్ట్ పేరూ, ఏ చోటుకి సంబంధించిన కథో రాసిన సర్టిఫికెట్టూ తోడుగా వస్తాయి. ఆ కథలో వాళ్ళు బయటికి చెప్పాలనుకున్నంతే చెప్తారు, మిగతాది మనం గుచ్చిగుచ్చి అడగకూడదు. వాలంటీర్లు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు షో వాయిదా పడింది ఎందుకంటే ఆ పెయింటింగులు వేసిన ఊళ్ళో ఒక పెద్దాయన పోయారు. సారీ బిజినెస్ అంటే ఊరు ఊరంతా పనులు ఆపేసి చావు కార్యక్రమాల్లో ఉంటారు. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆయన పేరూ ఫొటోలూ గోడ మీద నుంచీ మన పేజీ నుంచీ తీసేశాం, ఇంటివాళ్ళు సరే అన్నాకే మళ్ళీ పెడతాం. కార్డులు ప్రింట్ అయిపోయాయి కదా అన్నారు కొందరు, అయితే ఏమైంది, మళ్ళీ కొట్టించుకుంటాం.

దీపావళి మేళాలో చవక బూమరాంగుల స్టాల్ పెడదాం అన్న ప్రపోజల్ కమిటీ కొట్టేసింది. ఇండోనేషియాలో చేయించి ఆబొరిజినల్ చేతిపని అని అమ్మినందుకు ఒక కంపెనీకి 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్లు ఫైన్ వేసింది. మిల్లులో ప్రింట్ కొట్టిన చీరని కాళహస్తి కలంకారీ అని అంటగడితే మనకెలా మండుద్దో వాళ్ళకీ అంతే.

రీసేల్ గురించి. ఇంట్లో ఉన్న పాత పెయింటింగ్ మా ద్వారా అమ్మాలనుకునేవాళ్ళు ఎక్కడ, ఎప్పుడు కొన్నారో కాగితాలు తీసుకురండి. ధర 1000 డాలర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఆ అమ్మకం రిపోర్ట్ చేయాలి, రాయల్టీ వర్తిస్తే 5 శాతం ఆర్టిస్ట్‌కి, లేకపోతే వారసులకి వెళ్తుంది, 2010 నుంచి ఉన్న చట్టమే ఇది.

వచ్చే ఏడాదికి శనివారం మధ్యాహ్నం డ్యూటీకి మనుషులు కావాలి, ఆదివారాలు ఎలాగోలా గడిచిపోతున్నాయి. మెంబర్‌షిప్ ఫీజు ఇంకా కట్టనివాళ్ళు ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) లోపు కట్టేయండి, లేకపోతే ఓటు ఉండదు.