కృష్ణా నది నీటిమట్టాన్ని లెక్కలోకి తీసుకోకుండానే ‘రన్ పూర్తయింది’ అంటున్న మీ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. విజయవాడలో వరద లెక్కలు చేసే చిన్న కన్సల్టెన్సీ మాది. మూడేళ్లుగా ఏటా లైసెన్సు కట్టి మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. గత నెల అప్‌డేట్ వేసుకున్నాక మా బుడమేరు మోడల్ తప్పుడు ఫలితాలిస్తోంది.

బుడమేరు కొల్లేరులో కలిసే వాగు. వరదొస్తే వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర నీటిని డైవర్షన్ కాలువలోకి మళ్లిస్తారు. ఆ కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. చిక్కంతా అక్కడే. అదే సమయంలో కృష్ణ కూడా పొంగిందా, కాలువ నీళ్లు పోయే దారిలేక వెనక్కి ఎగదన్నుతాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇటు బుడమేరుకు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది.

అందుకే మోడల్‌లో కాలువ చివర గంట గంటకీ కృష్ణ నీటిమట్టం ఇచ్చాం. పాత వెర్షన్ దాన్ని బుద్ధిగా వాడుకునేది. కొత్తదాంట్లో ఆ పట్టిక తెర మీద అలాగే కనిపిస్తుంది కానీ లెక్కలోకి రాదు. కాలువ అడుగు వాలును బట్టి చివర్లో నీటి లోతెంతో సాఫ్ట్‌వేరే అనేసుకుంటోంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. పైగా ఆకుపచ్చ టిక్కు! గండ్లు పడ్డ రోజు కూడా నీళ్లు హాయిగా కృష్ణలోకి పోతున్నట్టు గ్రాఫు గీసింది. వచ్చిన నీరు, పోయిన నీరు లెక్క కూడా సరిపోయింది. సరిపోదా మరి, నీళ్లేమీ మాయం కాలేదు, పోలేనంత వేగంగా పోయాయంతే.

ఇది బయటపడింది కూడా అనుకోకుండానే. మా జూనియర్ పొరపాటున కృష్ణ మట్టాన్ని రెండు మీటర్లు పెంచి రన్ చేసింది. కాలువలో వెంట్రుకవాసి తేడా రాలేదు.

మీకు రాస్తే మొదట ‘రీఇన్‌స్టాల్ చేయండి’ అన్నారు. తర్వాత మ్యానింగ్ గుణకం, అంటే కాలువ గరుకుదనాన్ని చెప్పే అంకె, మార్చి చూడమన్నారు. కాలువ గరుకుదనం 0.030 నుంచి 0.035 చేస్తే వదిలేసిన నది మోడల్‌లోకి వచ్చి కూర్చుంటుందా? నేను జవాబు రాసేలోపే టికెట్ మూసేశారు.

ప్రోగ్రాం మధ్యలో ఆగిపోతే మాకు బాధ లేదు, అలవాటే. కానీ ఈ అంకెలతో మేము డ్రాఫ్ట్ రిపోర్టు ఇచ్చేశాం. క్లయింటుకు ఫోన్ చేసి వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఎవరైనా ఆ మట్టాలు చూసి గట్టు ఎత్తు ఖాయం చేసి ఉంటే? తిరిగి పాత వెర్షన్‌లో అన్నీ చేసేసరికి పన్నెండు రోజులు పట్టింది.

ఈ లోపం ఏ వెర్షన్లలో ఉందో వాడేవాళ్లందరికీ రాతపూర్వకంగా తెలియజేయండి. ఇచ్చిన మట్టాన్ని వాడకపోతే రన్ అక్కడే ఆగిపోవాలి. మా లైసెన్సు గడువును కనీసం నెల పొడిగించండి. రెండు వెర్షన్ల ఫలితాలు, మోడల్ ఫైలు జతచేశాను. ఈసారి దయచేసి ఫైలు తెరిచి చూశాకే జవాబివ్వండి.

ఇట్లు,
మీ లైసెన్సుదారు,
విజయవాడ