కారు కింద నాతో పాటు పడుకున్న మీకు

పేరు రాయవద్దన్నారు, రాయను. కానీ కృతజ్ఞత చెప్పకుండా ఉండలేను.

నా పాత స్పోర్ట్స్ కారు సైలెన్సర్ గొట్టం వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలేది. దగ్గరి ప్రయాణాలకే వాడటంతో అది సరిగా వేడెక్కక, లోపల చేరిన నీరు ఆవిరి కాక తుప్పు పట్టిందని మీరే చెప్పారు. మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను గొట్టంలోకి చేర్చే భాగం) నట్టును బలవంతంగా తిప్పబోతే చేయి పట్టుకుని ఆపారు. ఆ నట్టు ఎక్కే స్టడ్డు, అంటే మరల కడ్డీ, విరిగితే ఇంజిన్ పైభాగమైన హెడ్‌కే డ్రిల్ వేయాల్సి వచ్చేది! నూనెలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు శుభ్రంగా తుడిచి, నట్టును కాల్చి తిప్పారు. కిర్రుమంటూ అది కదిలిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. కొత్త స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలన్నీ ముందు వదులుగా తగిలించి, వరస కుదిరాకే బిగించాలని నేర్పారు.

ఇప్పుడు ఎక్కడా పొగ కారడం లేదు. మీకు మనసారా ధన్యవాదాలు.