ఒకరికి మేలు చేసే వ్యాయామం మరొకరికి చేటు కావచ్చు

సంపాదకులు గారికి నమస్కారాలు.

కీళ్ళనొప్పులకు, నడుము నొప్పికి చేయవలసిన వ్యాయామాల గురించి పత్రికల ఆరోగ్య పేజీలలో తరచుగా చదువుతుంటాము. వాటిలో చాలావరకు మంచి సలహాలే. అయితే కీళ్ళ వల్ల వచ్చే ఇబ్బందికీ, నరాలు, కండరాల జబ్బు వల్ల వచ్చే బలహీనతకూ చేయించవలసిన వ్యాయామం ఒకటి కాదన్న సంగతి ఆ వ్యాసాలలో ఎక్కడో గాని కనిపించదు. ఆ తేడా తెలియక కన్నకొడుకు విషయంలో కొన్ని నెలలు పొరపాటు చేసిన తండ్రిగా ఈ లేఖ రాస్తున్నాను.

నాకు మధుమేహం ఉంది. కుడి భుజం పట్టేసి చొక్కా తొడుక్కోవడమే కష్టమైనప్పుడు ఫిజియోథెరపీకి వెళితే ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. కీలును చుట్టి ఉండే పొర మందమై బిగుసుకుపోవడం వల్ల చెయ్యి తిరగదని, మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువని, వేడి కాపడం పెట్టుకుని, కొద్దిపాటి నొప్పిని ఓర్చుకుంటూ రోజూ భుజాన్ని సాగదీయాలని చెప్పారు. అలాగే చేశాను. నెలలు పట్టినా చెయ్యి పైకి లేచింది.

ఆ నమ్మకంతోనే ఐదేళ్ళ మా అబ్బాయిని కూడా అక్కడికే తీసుకువెళ్ళాను. వాడు తరచుగా పడిపోయేవాడు, మునివేళ్ళ మీద నడిచేవాడు. పిక్కలు మాత్రం లావుగా ఉండేవి. చూసిన వాళ్ళు వస్తాదు పిక్కలని ముచ్చటపడేవారు. కాళ్ళకు బలం రావాలని వాడి చేత గుంజిళ్ళు తీయించారు, మెట్లు ఎక్కించి దింపారు. మర్నాడు తొడలు నొప్పులని ఏడిస్తే, నా భుజానికి చెప్పిన మాటే వాడికీ చెప్పారు, ఓర్చుకుని చెయ్యాలని. నేనూ దగ్గరుండి చేయించాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు కుమిలిపోతుంది.

వాడు నేల మీద నుంచి లేచే తీరు రోజూ నా కళ్ళ ముందే ఉంది. బోర్లా తిరిగి, రెండు చేతులూ నేలకు ఆనించి, పిరుదులు పైకెత్తి, ఒక చెయ్యి మోకాలి మీద, రెండో చెయ్యి తొడ మీద వేసుకుంటూ, తన ఒంటినే ఆసరా చేసుకుని పైకి పాకినట్టు నిలబడేవాడు. బద్ధకమనుకున్నాము. దానిని గవర్స్ సైన్ అంటారని, విలియం గవర్స్ అనే వైద్యుడు 1879లోనే దాని గురించి రాశాడని నరాల వైద్యులు చెబితే తెలిసింది. కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే అనే ఎంజైము రక్తపరీక్షలో ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. జన్యుపరీక్షలో డ్యుషెన్ మస్కులర్ డిస్ట్రోఫీ అని తేలింది.

సుమారు 3,500 నుంచి 5,000 మంది మగపిల్లలలో ఒకరికి వచ్చే ఈ జబ్బులో, కండరకణం పైపొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారు కాదు. అందువల్ల మెట్లు దిగడం, గుంజిళ్ళలో కిందికి వంగడం వంటి పనులలో, అంటే కండరం బరువును మోస్తూనే సాగవలసి వచ్చినప్పుడు, ఆ పొర చిరుగుతుంది. మనలాంటి వారి కండరం అలా దెబ్బతిన్నా కోలుకుని మరింత బలపడుతుంది గాని, ఈ పిల్లలలో కండరం ఉండవలసిన చోటును క్రమంగా కొవ్వు, నార ఆక్రమిస్తాయి. పిక్కలు లావెక్కడానికి కూడా చాలావరకు అదే కారణం. మోకాళ్ళు అరిగిన వారికి తొడ కండరాన్ని బరువులతో బలపరచడం ఎంత మేలో, వీరికి అది అంత చేటు. నరాల నుంచి కండరాలకు సంకేతం సరిగా అందని మయస్థీనియా గ్రేవిస్ అనే జబ్బు ఉన్నవారి సంగతి ఇంకో తీరు. పని చేసేకొద్దీ కండరం సోలిపోతుంది గనుక, సత్తువ ఉన్న వేళ చూసుకుని, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ చేయించాలి.

ఫిజియోథెరపీ వద్దని నేను అనడం లేదు. ఇప్పుడు మా అబ్బాయిని చూస్తున్న ఫిజియోథెరపిస్టు వాడిని అలసట రానంత మేరకు ఈత కొట్టిస్తున్నారు. మడమ వెనుక భాగం బిగుసుకుపోకుండా, రాత్రి పడుకోబోయే ముందు మడమను అరచేతిలో పట్టుకుని, పాదాన్ని నెమ్మదిగా పైకి వంచి, ముప్ఫై లెక్కపెట్టే దాకా అలాగే ఉంచడం నాకు నేర్పారు. మర్నాటికి నొప్పి మిగిలినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ముందురోజు శ్రమ ఎక్కువైందని గుర్తించి, వ్యాయామం ఆపి వెంటనే వైద్యుడికి చెప్పమన్నారు.

కాళ్ళలో బలం లేదని వచ్చిన ఏ పిల్లవాడినైనా, వ్యాయామం మొదలుపెట్టే ముందు ఒక్కసారి నేల మీద కూర్చోబెట్టి లేవమని చెప్పి చూడవలసిందిగా ఫిజియోథెరపిస్టులను, పిల్లల వైద్యులను వేడుకుంటున్నాను. దానికి నిమిషం కూడా పట్టదు, ఏ పరికరమూ అక్కరలేదు. మీ పత్రికలో వ్యాయామాల బొమ్మలు వేసినప్పుడు, కండరాల జబ్బులున్నవారు వైద్యుల సలహా లేకుండా వాటిని చేయరాదన్న ఒక్క వాక్యాన్ని ఆ బొమ్మల పక్కనే అచ్చు వేయించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు